మికేలి సెంటర్

సాయిరాం ఫోన్ చేసినప్పుడు వినీల ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఆమె రికార్డింగు చేస్తుంది. ఎనిమిది దాటితే తిరువూరు బస్టాండులో హారన్లు మొదలవుతాయి, ఇక ఆ రోజుకు అంతే. నీళ్ళు ఉమ్మేసి ఫోనెత్తింది.

“మేడమ్, లివోర్నో చూశారా?”

“ఎక్కడ చూస్తానండీ?”

“మెయిల్ సంగతండీ. బ్యాచ్ వాళ్ళు కంప్లయింట్ ఇచ్చారు. ఇరవై ఆరుమందీ సంతకాలు పెట్టారు. ఇరవై ఐదు లెండి. ఆవిడ పెట్టలా.”

“ఎవరావిడ?”

“తప్పిపోయినావిడ.”

సాయిరాం పనిచేసేది విజయవాడలో ఒక టూర్ల కంపెనీలో. ఆ కంపెనీ తెలుగువాళ్ళను ఓడ ప్రయాణాలకు తీసుకెళ్తుంది. ఓడ రోజుకొక రేవులో ఆగుతుంది. దిగినవాళ్ళ చెవిలో ఒక మిషను పెడతారు. ఎటు నడవాలో, ఎదురుగా ఉన్నదేమిటో, ఎవరు కట్టారో ఆ మిషను తెలుగులో చెబుతుంది. ఆ గొంతు వినీలది, ఆ మాటలు వినీలవి. మూడేళ్ళలో పదకొండు రేవులు చేసింది. ఒక్కటీ చూడలేదు. ఆమెకు పాస్‌పోర్టు లేదు.

సాయిరాం చెప్పింది ఇది. మే నెలలో వెళ్ళిన బ్యాచ్ ఉదయం తొమ్మిదింటికి ఇటలీలో లివోర్నో అనే రేవులో దిగింది. రేవు దగ్గర విగ్రహం, తర్వాత రెండు సెంటర్లు చూసి, బస్సెక్కి పీసా వెళ్ళాలి. పెనుగొలను నుంచి వచ్చిన సీతారావమ్మ అనే ఆవిడ, డెబ్భై రెండేళ్ళు, విగ్రహం దగ్గర తప్పిపోయింది. రెండు గంటల పది నిమిషాల తర్వాత దొరికింది. పీసా రద్దయింది. వాలిన గోపురం పక్కన చెయ్యి ఆనించి ఫోటో దిగాలని సగంమంది టికెట్టు కొన్నారు. ఎవరూ దిగలేదు.

“మీ గైడ్‌లో ఉందండీ. ‘తప్పిపోతే మికేలి సెంటర్ ఎక్కడ అని అడగండి’ అని. ఆవిడ అదే అడిగింది. అక్కడ చెంత్రో అంటే ఊరి నడిబొడ్డంట. సెంటర్ అనగానే అందరూ చెంత్రో, చెంత్రో అని ఊళ్ళోకి పంపించారు. ఆవిడ ఎంతమందిని అడిగితే అంత దూరం పోయింది.”

వినీల మంచం మీద కూర్చుంది. ఆ మాట ఆమెకు తెలుసు. కంప్యూటర్లో ఆ ఊరి వీధులు చూస్తున్నప్పుడు ప్రతి రోడ్డు బోర్డు మీదా అది ఉంది. వందసార్లు చూసి ఉంటుంది. తట్టలేదు.

“ఇంకోటి కూడా ఉంది. పద్నాలుగో నిమిషంలో ‘బస్టాండు నుంచి బోసుబొమ్మ దాకా వచ్చాం’ అన్నారు. ఇటలీలో బోసుబొమ్మేంటి మేడమ్?”

“అన్నానా?”

“వినండి కావాలంటే. మా ఎమ్‌డీగారు ఏమంటున్నారంటే, ఈ మనుషుల గొడవంతా ఎందుకు, యంత్రంతో చదివించేద్దామని. శాంపిల్ కూడా చేయించారు. ఉండండి.”

ఫోన్లో ఒక ఆడగొంతు పలికింది. దానికి ఊపిరి లేదు. “పియాట్సా గ్రాండే ఒక గొప్ప చతురస్రం. మీరు ఇప్పుడు చతురస్రం లోపల ఉన్నారు.”

“లెక్కల క్లాసులాగుంది” అంది వినీల.

“నాకూ అట్టాగే అనిపించింది. కానీ అది రోజుకు నాలుగు ఊళ్ళు చదువుద్ది మేడమ్. దానికి జలుబు చెయ్యదు. నేను ఎమ్‌డీగారితో ఒకటి చెప్పా. ఆ మామ్మగారు మీ పక్క ఊరేగా. ఆవిడ నోటితో ఒక్క ముక్క, గైడ్ వల్ల కాదు, నేనే చూసుకోక తప్పిపోయానని, ఫోన్లో రికార్డు చేసి పంపండి. శుక్రవారం సాయంత్రానికి. లేకపోతే పదకొండూ తీసేసి యంత్రం పెడతారు.”

వినీల సరేనంది. ఫోను పెట్టేశాక గది గోడలకు కట్టిన బొంతల వైపు చూసింది. చప్పుడు రాకుండా నాలుగు వైపులా కట్టిన బొంతలు. వాటి వెనక ఉక్క. మూడేళ్ళుగా ఆమె పొద్దుటిపూటలు ఆ ఉక్కలో పోయాయి. పోతే పోనీ అనిపించింది ఒక్క క్షణం. తర్వాత పద్నాలుగో నిమిషం పెట్టుకుని వింది. అన్నమాట నిజమే.

*

వినీల ఒక ఊరిని ఇలా రాస్తుంది. ముందు కంపెనీ పంపిన ఇంగ్లీషు కాగితాలు చదువుతుంది. తర్వాత కంప్యూటర్లో వీధి ఫోటోలు తెరిచి, రేవు నుంచి ఒక్కో బాణం గుర్తూ నొక్కుకుంటూ నడుస్తుంది. లివోర్నోలో అలా పద్దెనిమిది రోజులు నడిచింది.

రేవు ఒడ్డున పియాట్సా మికేలి. పియాట్సా అంటే ఊళ్ళో నలుగురూ చేరే ఖాళీ జాగా. అందులో పాలరాతి ప్రభువు నిలబడి ఉంటాడు. ఆయన పీఠం నాలుగు మూలలా, సంకెళ్ళతో నలుగురు కంచు మనుషులు కూర్చుని ఉంటారు. సముద్రం మీద పట్టుకొచ్చిన బందీలు వాళ్ళు. ప్రభువును ముందు చెక్కారు, బందీలను చాలా ఏళ్ళ తర్వాత చేర్చారు. ఇప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ ఆ విగ్రహాన్ని ప్రభువు పేరుతో పిలవరు. ‘నలుగురు మూర్లు’ అంటారు, మూర్లంటే ఉత్తరాఫ్రికావాళ్ళు. నలుగురి ముక్కులూ ఒకేసారి కనిపించే చోటు ఒకటి ఆ పియాట్సాలో ఉందని, దాని మీద నిలబడితే అదృష్టమని అక్కడివాళ్ళ నమ్మకం. వినీల ఆ సంగతి రాసింది. ఆ చోటు కోసం బాణాలు నొక్కి నొక్కి వెతికింది. ఫోటోలు తీసిన కారు అక్కడ ఆగినట్టు లేదు.

అక్కడి నుంచి గ్రాండే వీధి, రెండు వైపులా స్తంభాల వసారాలు. వీధి పోయి పియాట్సా గ్రాండేలో కలుస్తుంది. అక్కడ పెద్ద చర్చి. యుద్ధంలో బాంబులు పడి కూలితే మళ్ళీ కట్టారు. ఇంకా పోతే పియాట్సా రిపబ్లికా. అది నేల కాదు, కాలవ మీద కట్టిన వంతెన. అంత వెడల్పు వంతెన మీద నిలబడ్డవాళ్ళకు కింద నీళ్ళున్నట్టు తెలియదు. మ్యూజియంలో పటాలున్నాయి. గీతలు గీయకుండా రంగు మచ్చలు పెట్టి మనిషిని చూపించిన చిత్రకారులవి. ఇటాలియన్‌లో మచ్చను ‘మాక్యా’ అంటారని, ఇంగ్లీషు అక్షరాల్లో అది మన మచ్చలాగే ఉంటుందని చూసిన పూట వినీల పని ఆపేసి టీ పెట్టుకుంది. మూడేళ్ళలో ఒక మాట దానంతటదే చేతికి రావడం అదొక్కసారే.

రాయడం అయ్యాక కొలవాలి. వింటూ నడిచే మనిషికి మాట కాలితోపాటు పోవాలి. చర్చి కనపడకముందే చర్చి కథ అయిపోకూడదు. అందుకని వినీల మ్యాపులో దూరం చూసుకుని, అంత దూరం తిరువూరులో నడుస్తుంది, కాగితం చేత పట్టుకుని, గొణుగుతూ. మికేలి నుంచి గ్రాండేకు ఎంత దూరమో, బస్టాండు నుంచి బోసుబొమ్మ సెంటర్‌కు దాదాపు అంతే. టీకొట్టు దగ్గర వసారాలు, మందులషాపు దగ్గర బాంబులు, బోసుబొమ్మ దగ్గర చర్చి. గుర్తు కోసం కాగితం అంచున ఆ పేర్లు రాసుకుంటుంది. అలా అంచున రాసుకున్న ముక్కే ఒకటి రికార్డింగులో నోట్లోకి వచ్చేసింది. ఉక్కకో నిద్రకో, కత్తిరించేటప్పుడు కూడా పట్టుకోలేదు.

పియాట్సాను తెలుగులో ఏమనాలన్నది మొదటి ఊరి నుంచీ ఉన్న తగువు. సోమయాజులు మాస్టారు జడ్పీ హైస్కూల్లో ఆమెకు తెలుగు చెప్పారు. రిటైరై పదేళ్ళయింది. ఆమె రాసిన ప్రతి పేజీ ఆయన చూస్తారు. ‘చత్వరం’ అన్నారాయన. రికార్డు చేసి రెడ్డిగూడెం మామిడితోటల ఆసామి ఒకాయనకు వినిపిస్తే, “చత్వారమా? నాకొచ్చి పదిహేనేళ్ళయిందమ్మా” అని కళ్ళజోడు తీసి చూపించాడు. అయితే ‘కూడలి’ అన్నారు మాస్టారు. కూడలిలో రోడ్లు కలుస్తాయి, పియాట్సాలో మనుషులు కలుస్తారు, కుదరదంది వినీల. చివరికి ‘సెంటర్’ పెట్టింది. రోడ్లు కలిసినా, బొమ్మ నిలబెట్టినా, నలుగురు చేరి టీ తాగినా తిరువూరులో అది సెంటరే. విన్నవాళ్ళెవరూ మళ్ళీ అడగలేదు. పది రేవుల్లో ఎవరూ తప్పిపోలేదు కూడా.

గురువారం సాయంత్రం ఆమె మాస్టారింటికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, అడిగారు.

“తప్పు నీదా, నాదా?”

“మీరు ఒప్పుకోలేదుగా మాస్టారూ. సెంటర్ తెలుగు కాదన్నారు.”

“ఇంగ్లీషూ కాదన్నాను. అది తిరువూరుది. ఇక్కడున్నన్నాళ్ళు దాని బతుకు బాగానే ఉంది. ఓడెక్కించింది మనం.”

“రేపు పెనుగొలను పోతున్నా. ఆవిడ ఏమంటుందో.”

“ఏమంటే అది విను. నువ్వు రాసిచ్చి చదివించకు. స్కూల్లో ఇన్‌స్పెక్షన్లప్పుడు పిల్లల చేత అట్టా చదివించి చదివించి నాకు రోత పుట్టింది.”

మాస్టారి భార్య కనకలక్ష్మిగారు లోపల్నుంచి గట్టిగా అన్నారు. “ఆయన మాట వినబోకమ్మా. ఒక్క ముక్క చెప్పించుకు రా. పని నిలబడాలి ముందు.”

మాస్టారు ఖాళీ గ్లాసు మళ్ళీ ఎత్తి చూశారు. “ఈవిడ నలభై రెండేళ్ళ నుంచీ నా తప్పులు దిద్దుతోంది” అన్నారు.

*

శుక్రవారం ఉదయం గంపలగూడెం వెళ్ళే షేర్ ఆటో ఎక్కింది. ఆటో లాజరుది. వానల్లేవు. పత్తి గింజలు పెట్టినవాళ్ళు ఆకాశం చూస్తున్నారు, పెట్టనివాళ్ళు పెట్టినవాళ్ళను చూస్తున్నారు. వెనక సీట్లో ఐదుగురు, ముందు లాజరుకు రెండు వైపులా ఇద్దరు.

“పెనుగొలనులో ఎవరింటికండీ?” అన్నాడు లాజరు.

“సీతారావమ్మగారని.”

“ఇటలీ మామ్మా? ఆ ఇల్లు అడగక్కర్లా. తప్పిపోయిన మామ్మ ఇల్లంటే పిల్లోడైనా చూపిస్తాడు.”

వెనకనుంచి ఎవరో అన్నారు. “ఆవిడ కాదయ్యా తప్పిపోయింది, పీసా.” ఆటో నవ్వింది. వినీల నవ్వలేదు. ఎండ అప్పటికే మోకాళ్ళ మీద పడుతోంది.

సీతారావమ్మ వసారాలో కూర్చుని మాగాయ జాడీ మూతికి గుడ్డ కడుతోంది. తాడు ఒక కొస పళ్ళతో పట్టుకుంది. తల ఎత్తకుండానే, “ఎవరూ?” అంది.

“వినీలనండి. తిరువూరు లారీ ఆఫీసు బసవపున్నయ్యగారి అమ్మాయిని.”

తాడు నోట్లోంచి జారింది. “మళ్ళీ మాట్లాడు.”

“ఏం మాట్లాడమంటారు మామ్మగారూ?”

“ఏదో ఒకటి. ఆఁ, నువ్వే. చెవిలో కూర్చుని ఎడమకి తిరుగు, కుడికి తిరుగు అన్నదానివి నువ్వే. మనిషివి ఇంత సన్నగా ఉన్నావేంటే? గొంతు వింటే దిట్టంగా ఉంటావనుకున్నా.”

లోపల్నుంచి నవదీప్ వచ్చాడు. ఆమె మనవడు, ముప్ఫై ఏళ్ళుంటాయి, తిరువూరులో పురుగుమందుల షాపు. కంప్లయింట్ రాసింది అతనే. షాపు నుంచి అన్నానికి వచ్చినట్టున్నాడు, బండి తాళాలు చేతిలోనే ఉన్నాయి.

“అక్కా, ఏమనుకోకండి. మీ మీద కోపం లేదు. కానీ నా సంగతి చూడండి. షాపుకొచ్చిన ప్రతివాడూ నన్ను పీసా అంటున్నాడు. ‘పీసా, రెండు లీటర్ల మందియ్యి’ అంటున్నారు. పాతికమంది మా నాయనమ్మనే తిట్టుకుంటూ ఓడెక్కారు. ఆవిడ అడిగింది మీరు చెప్పిన మాటే కదా.”

“అవునండి” అంది వినీల. “మాట తప్పే.”

తగువుకు సిద్ధమై వచ్చిన మనిషికి చెయ్యి ఆనించడానికి ఏమీ దొరకలేదు. నవదీప్ బండి తాళాలు జేబులో వేసుకుని గుమ్మానికి ఆనుకున్నాడు.

వినీల వచ్చిన పని దాచలేదు. కంపెనీవాళ్ళు ఏం పంపమన్నారో, పంపకపోతే ఏమవుతుందో చెప్పింది. సీతారావమ్మ తాడు ముడి వేసి, జాడీని గోడవారకు జరిపి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నేనే తప్పిపోయానని చెప్పాలా?”

“వాళ్ళు అడిగింది అదండి. మీరు జరిగింది చెప్పండి. నేను రికార్డు పెడతా.”

“చెబుతా. మధ్యలో మాట్లాడబోకండి ఇద్దరూ. ముఖ్యంగా నువ్వురా.”

వినీల ఫోనును జాడీ మూత మీద నిలబెట్టింది.

“దిగామా. విగ్రహం దగ్గర నిలబెట్టారు. పైనాయన గురించి ఈ పిల్ల ఏదో చెప్పింది. పైనాయన మొహం ఎవరు చూస్తారు, మెడ నొప్పి. కింద నలుగురున్నారు. నలుగురి ముక్కులూ ఒక్కసారే కనపడే చోటుందంది. ఎక్కడుందో చెప్పలా. సరే చూద్దామని చుట్టూ తిరిగా. ఒకచోట ఇద్దరివి కనపడతాయి. ఇంకో అడుగేస్తే ముగ్గురివి. ముగ్గురివి చూసేసరికి మొదటివాడిది పోద్ది. అందులో ఒకాయన పెద్దాయన. వీపు వంచి, తల ఇట్టా ఎత్తి చూస్తుంటాడు. అచ్చం మా రాయప్ప. మా నాన్న దగ్గర పాలేరు. పిలిస్తే అట్టాగే తల ఎత్తేవాడు, లేవకుండా. రాయప్పకి గొలుసులు లేవులే. ఏం లేవు. అయినా మా ఊరు దాటి ఎప్పుడూ పోలా.”

ఆమె జాడీ మీద వాలిన ఈగను తోలింది. ఫోన్లో రికార్డు నడుస్తూనే ఉంది.

“తల తిప్పి చూస్తే మావాళ్ళు ఒక్కరూ లేరు. వీడు ముందర ఫోటోలు తీసుకుంటా పోయాడు. అప్పుడు చెవిలో ఈ పిల్ల చెప్పింది గుర్తొచ్చింది. మికేలి సెంటర్ అని అడగమంది. నేను నిలబడ్డదే మికేలి సెంటర్ అని నాకేం తెలుసు? పేరు చెప్పింది గానీ, అప్పుడు నేను ముక్కుల గొడవలో ఉన్నా. ఒకాయన్ని అడిగా. చెంత్రో, అని చెయ్యి చూపించాడు. పోయా. ఒకావిడ్ని అడిగా. చెంత్రో, చెంత్రో అని భుజం పట్టుకుని తిప్పి మరీ పంపింది. మంచిదే పాపం. పెద్ద చర్చి దగ్గరికొచ్చి ఒక కుర్రదాన్ని అడిగితే, నేల మీద కాలేసి తొక్కి, ఇదే చెంత్రో అంది. చూస్తే విగ్రహం లేదు, సముద్రం లేదు. తప్పు నీదేనే అమ్మాయ్. సెంటర్ అన్నావు. నేనట్టాగే అడిగా. అందరూ సరిగ్గానే చెప్పారు. నేను తప్పు ఊరికి పోయా.”

నవదీప్ వినీల వైపు చూశాడు. వినీల ఫోను వైపు చూస్తోంది.

“బెంచీ మీద కూర్చున్నా. ఫోను వీడి దగ్గరుంది. మంచినీళ్ళు వీడి దగ్గరున్నాయి. ఏడుపొచ్చింది, ఏడవలా. ఎవరికోసం ఏడుస్తాం అక్కడ? చెవిలో మిషనుందిగా, వెనక్కి నొక్కితే మళ్ళీ చెబుద్దని ఓడలో ఆ షైని చూపించింది, మాకు టవళ్ళిచ్చే పిల్ల. నొక్కా. నొక్కితే ఏదో కాలవ, వంతెన. ఇంకోసారి నొక్కా. అప్పుడంది ఈ పిల్ల. బస్టాండు నుంచి బోసుబొమ్మ దాకా వచ్చాం, ఎదురుగా చర్చి, అని. ఆఁ! అనుకున్నా. చర్చి ఎదురుగానే ఉంది. అంటే నేనున్నది బోసుబొమ్మ. బోసుబొమ్మ నుంచి బస్టాండుకెళ్ళడం నాకెవరన్నా చెప్పాలా? పెళ్ళయిన కాణ్ణించీ నడుస్తున్నా. లేచి, చర్చికి వీపు పెట్టి, ఎవర్నీ అడక్కుండా తిన్నగా నడిచా. టీకొట్టంత దూరం, మందులషాపంత దూరం, చివర బస్టాండు. ఉందిగా మరి, విగ్రహం. అక్కడే ఉంది.”

“నేను అప్పటికి ఊరంతా వెతుకుతున్నా” అన్నాడు నవదీప్.

“మధ్యలో మాట్లాడొద్దన్నానా. వీడు ఊరంతా వెతికాడు, నేనేమో బస్టాండులో ఉన్నా. ఎవరూ లేకపోతే ఏం చెయ్యను? మళ్ళీ ముక్కులు మొదలుపెట్టా. మూడు కనపడ్డాయి. నాలుగోదానికి ఇట్టా ఒక్క అడుగు జరిగితే వచ్చేట్టుంది. అప్పుడే వీడొచ్చి రెక్క పట్టుకు లాక్కుపోయాడు. అంతే. అయిపోయింది. ఆపు.”

వినీల ఆపింది. ఆరు నిమిషాల నలభై సెకన్లు.

“మామ్మగారూ, కంప్లయింట్ మీద మీరెందుకు సంతకం పెట్టలేదు?”

“వెళ్ళిందే రాశాడు వీడు. దారి తెలుసుకుని తిరిగొచ్చింది రాయలా. సగానికి నేనెట్టా పెడతాను సంతకం?” అని ఆమె లేచి మోకాళ్ళు పట్టుకుంది. “అన్నం తిని పో. మాగాయ వారం దాకా తియ్యకూడదు, పప్పుంది. అయితే నాకొకటి చెప్పు. ఆ నాలుగో ముక్కు నువ్వు చూశావా?”

“లేదండి. నేను ఆ ఊరే చూడలేదు.”

సీతారావమ్మ ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. “మరి ఎట్టా చెప్పావే అన్నీ?” అంది. తిట్టినట్టు లేదు.

*

మధ్యాహ్నం మూడున్నరకు తిరువూరు చేరింది. ఒళ్ళంతా దుమ్ము. ఫోనును కంప్యూటర్‌కు కలిపి ఆ ఆరు నిమిషాల నలభై సెకన్లూ రెండుసార్లు వింది. కత్తిరించడం ఆమె పని. ఎక్కడ ఊపిరి తీసేయాలో, ఎక్కడ ఉంచాలో తెలుసు. ‘ఫోను వీడి దగ్గరుంది’ నుంచి మొదలుపెట్టి ‘అక్కడే ఉంది’ దగ్గర ఆపితే నిమిషంన్నర వస్తుంది. అందులో గైడ్ వల్ల దారి దొరికిన మనిషి మాత్రమే ఉంటుంది. ‘తప్పు నీదేనే అమ్మాయ్’ ఉండదు. అతుకు ఎవరికీ తెలియదు. పది నిమిషాల్లో చేసింది. విని చూసింది. అతుకు తెలియలేదు.

ఐదింటికి సాయిరాం ఫోన్ చేశాడు.

“వచ్చిందా మేడమ్? ఒక్క నిమిషముంటే చాలు. ఎమ్‌డీగారు ఆరింటికి వెళ్ళిపోతారు.”

“వచ్చిందండి. పంపుతున్నా.”

తెరమీద రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. గదిలో ఫ్యాను లేదు, ఫ్యాను చప్పుడు రికార్డవుతుందని తీసేసింది. చెమట మోచేతి నుంచి బల్ల మీద పడుతోంది. సగానికి నేనెట్టా పెడతాను సంతకం, అన్న గొంతు రికార్డులో లేదు. అది ఆపాక అన్నది. వినీల పెద్ద ఫైలు పంపింది. చిన్నదాన్ని చెరిపేసింది. తర్వాత బొంతల గది తలుపు తీసి వసారాలోకి వచ్చి, నేల మీద పడుకుని, ఏడింటి దాకా లేవలేదు.

సాయిరాం మళ్ళీ ఫోన్ చేసింది సోమవారం.

“మొత్తం పంపేశారేంటి మేడమ్? తప్పు నీదే అని కూడా ఉంచేశారు.”

“అందండి ఆవిడ.”

“ఎమ్‌డీగారు రెండు నిమిషాలు విని ఆపేశారు. నేనే మిగతాది భోజనాలప్పుడు పెట్టా. నవ్వారు. కానీ యంత్రం సంగతి మారలా. ఇక ముందు ఊళ్ళన్నీ యంత్రంతోనే. ఉన్న పదకొండూ మీవే ఉంచుతారు. లివోర్నోలో ఆ సెంటర్ మాట తీసేసి, బోసుబొమ్మ ముక్క కూడా తీసేసి, వారంలో పంపమన్నారు. అదే ఆఖరు.”

“సరేనండి.”

“నేను చేయగలిగింది చేశా మేడమ్.”

“తెలుసండి.”

పన్నెండో ఊరి కాగితాలు బల్ల మీద ఉన్నాయి. వాటిని కవర్లో పెట్టి వెనక్కి పంపడానికి పక్కన పెట్టింది. మాస్టారింటికి వెళ్ళింది. సెంటర్ బదులు ఏం పెట్టమంటారని అడిగితే ఆయన లివోర్నో కాగితాలు మొదటి నుంచీ తిరగేశారు.

“వాళ్ళ మాటే ఉంచెయ్” అన్నారు చివరికి. “పియాట్సా. దారి తప్పినప్పుడు తెలుగెందుకు, దారి కావాలి.” తర్వాత, “ఇట్టా అంటానని నేననుకోలేదు” అన్నారు.

మర్నాడు ఐదున్నరకు వినీల బొంతల గదిలోకి వెళ్ళింది. లివోర్నోలో సెంటర్ అన్న మాట తొమ్మిదిచోట్ల ఉంది. తొమ్మిదీ మార్చింది. ‘తప్పిపోతే పియాట్సా మికేలి ఎక్కడ అని అడగండి’ అన్న వాక్యం రెండుసార్లు చదివింది, రెండోది ఉంచింది. విగ్రహం దగ్గర కొత్తగా రెండు వాక్యాలు చేర్చింది. “నలుగురి ముక్కులూ ఒకేసారి కనిపించే చోటు ఉందంటారు. నేను చూడలేదు. మీతో వచ్చినవాళ్ళకు చెప్పి వెతకండి.”

తర్వాత పద్నాలుగో నిమిషం తెరిచింది. బస్టాండు నుంచి బోసుబొమ్మ దాకా వచ్చాం. మూడు సెకన్ల ముక్క. రాజమండ్రి వాళ్ళకు, గుంటూరు వాళ్ళకు అర్థం కాదు. తీసేయమన్నారు. ముక్కను గుర్తుపెట్టి, కీ మీద వేలు ఉంచింది. బయట ఎనిమిదవుతోంది. మొదటి హారను మోగింది.

వేలు తీసేసి, ఫైలు అలాగే పంపింది. ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దామనుకుంది. ఎవరూ అడగలేదు.